ముందు నకలు, తరువాత మరమ్మతు

ఇంట్లో కంప్యూటరు మొరాయించినప్పుడు మనవాళ్ళు మొట్టమొదట చేసే పని దాన్ని రెండు తట్లు తట్టడం. రేడియోల కాలం నుంచి వచ్చిన అలవాటది. రేడియోకు ఆ వైద్యం కొంత పనిచేసేది కూడాను; లోపల వదులైన తీగ ఏదో మళ్ళీ అంటుకునేది. రెండవ పని, ఆపి మళ్ళీ వేయడం. మూడవ పని, పక్కింటి కాలేజీ కుర్రవాణ్ణి కేకవేయడం. చెడినది హార్డు డిస్కు అయినప్పుడు మొదటిది హాని. రెండవది పదేపదే చేస్తే అంతకన్న హాని. మూడవది ఆ కుర్రవాణ్ణి బట్టి వుంటుంది.

ఈ సంగతి వ్రాయవలసిందిగా విరుదునగరం నుంచి యిద్దరు, మా కోవిల్పట్టి నుంచి ఒకరు కోరినారు. మేము ఇంజనీర్లం కాము. మెట్రిక్యులేషను చదివి, పగలంతా ఆఫీసులో ఫైళ్ళ నడుమ కూర్చునేవాళ్ళం. అయినా డిస్కు విషయంలో గుమాస్తాకు తెలిసిన నియమమే అన్నిటికన్న బాగా పనికివస్తుందని మా అనుభవం. దస్తావేజు చివికిపోయి వుంటే ముందు దాన్ని అతికించబోరు. ముందు నకలు తీస్తారు. అతికించడం, చదవడం, తగవు తీర్చుకోవడం అంతా నకలు మీదనే. డిస్కుకూ అంతే.

ఇంత శ్రమ దేనికని కొందరికి తోచవచ్చును. సినిమాలు పోతే మళ్ళీ దొరుకుతవి. ఇన్‌కంటాక్సు కాగితాలు ఆడిటరు దగ్గర వుంటవి. కాని మన డిస్కుల మీద మరొక చోట దొరకని వస్తువు ఒకటి వున్నది. ఈ నల్లరేగడి సీమలో వందల యేండ్లుగా యింట్లో తెలుగు మాట్లాడుకుంటూ వచ్చిన కుటుంబాలు మనవి. చాలామంది బడిలో నేర్చినది తమిళ లిపి. ఆ లిపిలో తెలుగు మాట వ్రాస్తే క, గ లకు ఒకటే అక్షరం. ప, బ లకూ ఒకటే. గంప అని వ్రాసినా కంప అని వ్రాసినా కాగితం మీద ఒకే తీరుగా కనపడుతుంది. పెరట్లో వున్నది వెదురు గంపో ముళ్ళ కంపో చదివేవాడు వూహించుకోవలసిందే. అందుచేత అవ్వలు పాడిన పెండ్లిపాటలకు, వలస వచ్చిన కథలకు, ఏ వూరి ఆడపడుచును ఏ వూరికి యిచ్చినామన్న లెక్కలకు అవ్వ గొంతే అసలు ప్రతి. కొన్నేండ్లుగా పిల్లలు ఆ గొంతులను ఫోనులో పట్టి, ఫోను నిండగానే కంప్యూటరులోకి దించి, నిశ్చింతగా నిద్రపోతున్నారు.

కోవిల్పట్టి ప్రక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు 1976లో ‘గోపల్ల గ్రామం’ అనే నవలలో తెలుగు దేశం నుంచి దక్షిణానికి వచ్చిన కుటుంబాల కథను తమిళంలో చెప్పినారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన 2021లో పోయినారు. కథ దక్కింది, సంతోషమే. అయితే ఆ కథలు చెప్పిన ముసలివాళ్ళ పలుకుబడి అచ్చులో పట్టేది కాదు గదా.

అంతకు ముందటి సంగతి మరొకటి వున్నది. మాకు బస్సులో అరగంట దూరంలోని ఎట్టయాపురంలో ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో పరమపదించినారు. వారి కృతులు శిష్యుల నోళ్ళలోను, వంశంవారి దగ్గరను వుండినవి. సుబ్బరామ దీక్షితులవారు వాటికి స్వరం వ్రాసి, ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే పెద్ద గ్రంథంగా 1904లో ఎట్టయాపురంలోనే అచ్చువేయించినారు. అది తెలుగులో అచ్చయిన పుస్తకం! చిన్నస్వామి మొదలియారు గారి ప్రోద్బలం దానికి ముఖ్య కారణం. ఒకరు వెంటబడి నకలు తీయించినందున అవి నిలిచినవి. మన యింటి పాటలకు వెంటబడేవాళ్ళెవరూ లేరు. ఉన్నదల్లా ఒక డిస్కు.

ఇక ఆ డిస్కు లోపలి సంగతి. అది గ్రామఫోను పెట్టెకు దూరపు చుట్టం. లోపల అద్దంవలె మెరిసే పళ్ళెం నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంది. చదివే హెడ్డు గ్రామఫోను ముల్లులాగా పళ్ళేన్ని తాకదు. కొన్ని నానోమీటర్ల యెత్తున తేలుతుంది. తలవెంట్రుక మందం ఆ యెత్తుకు వేల రెట్లు. అంత సందులో మన వీధి దుమ్ము రవ్వ ఒకటి పడితే అది బండరాయితో సమానం. ఇంట్లో మరచీల పట్టుకుని మూత తెరవకూడదని అందుకే చెబుతారు. కొందరు తెరిచి, పళ్ళేన్ని మెత్తని గుడ్డతో తుడిచి, యెంతో జాగ్రత్తగా మళ్ళీ మూసినట్టు చెప్పుకుంటారు. ఆ జాగ్రత్తకు మెచ్చుకోవాలి గాని, ఆ డిస్కు అప్పటికి ముగిసిపోయినట్టే.

చెడిన డిస్కు తానే తన జబ్బు చెబుతుంది, వినాలి. అసలు అలికిడే లేకపోతే ముందు తీగ, అడాప్టరు, అమర్చిన చోటు చూడాలి. బయట తగిలించే డిస్కులలో చాలాసార్లు చెడేది డిస్కు కాదు, దాని పెట్టెలో వున్న చిన్న పలక. డిస్కును విడదీసి కొద్ది వందల రూపాయల సాటా యూఎస్‌బీ అడాప్టరుకు తగిలిస్తే మామూలుగా పలకవచ్చును. (కొన్ని రకాలలో ఆ పలకే లోపలి సమాచారానికి తాళం వేసి వుంచుతుంది, అప్పుడు వేరే అడాప్టరుకు ఏమీ కనపడదు. పాత పలకను పారవేయకండి.) డిస్కు తిరుగుతున్నది, పేరు కనపడుతున్నది, ఫోల్డరు తెరుచుకోవడానికి మాత్రం అయిదు నిమిషాలు పడుతున్నది అంటే పళ్ళెం మీద అక్కడక్కడ చెడిన చోట్లు వున్నవన్నమాట. ఇంట్లో మనం చేయగలిగిన పని ముఖ్యంగా యిక్కడే. టక్, టక్ అని సమంగా కొట్టుకుంటున్నా, గీచిన చప్పుడు వచ్చినా, వెంటనే కరెంటు తీసివేయవలెను. ఇంకొకసారి వేసి చూద్దామనుకున్న ప్రతిసారీ లోపల మరికొంత గీసుకుపోతుంది. అది ఆసుపత్రి కేసు, యింటి వైద్యం కాదు.

విరుదునగరంలో మాకు బంధువులైన ఒక యింట్లో జరిగినది చెబుతాము. పప్పు వ్యాపారం చేసేవాళ్ళు. ఆ యింటి అవ్వ 2019లో పోయింది. అంతకు ముందు మనుమడు ఆవిడ చేత నలుగుపాటలు, ఉయ్యాలపాటలు, వంశం కథ చెప్పించి లాప్‌టాపులో పెట్టుకున్నాడు. 500 గిగాబైట్ల డిస్కు. నిరుడు ఒకనాడు అది తెరుచుకోక, ‘ఈ డిస్కును ఉపయోగించాలంటే ఫార్మాటు చేయాలి, చేయనా?’ అని అడిగింది. చాలామంది యిక్కడ ‘సరే’ అని నొక్కుతారు. కంప్యూటరు అడిగితే కాదనడానికి మనవాళ్ళకు మొహమాటం. ఆ కుర్రవాడు మాత్రం నొక్కలేదు. మాకు ఫోను చేసి, “మామా, ఆపెయ్యనా?” అన్నాడు. ఆపెయ్యమన్నాము. ఆ ఒక్క మాటతో పని సగం అయింది.

మేము ఆదివారం ప్రొద్దున బస్సెక్కి సాత్తూరు మీదుగా వెళ్ళినాము. చేతిలో రెండు వస్తువులు: కొత్తగా కొన్న ఒక టెరాబైటు డిస్కు, లినక్సు వేసిన పెన్‌డ్రైవు. విండోసు కంప్యూటరుకు తగిలించగానే అది మర్యాదకు పోయి, చెడిన డిస్కును తెరవాలని, సరిచేయాలని చూస్తుంది. ‘చెక్‌డిస్కు’ అనే ఆజ్ఞ కూడా అంతే. చెడిపోతున్న డిస్కు మీదనే వ్రాతలు మొదలుపెడుతుంది. ముసలిదాన్ని మంచం మీద నుంచి లేపి యిల్లు వూడ్వమన్నట్టు వుంటుంది. లినక్సులో డిస్కును తెరవకుండానే, ఫోల్డర్ల జోలికి పోకుండా, మొదటి గడి నుంచి చివరి గడి వరకు వున్నది వున్నట్టు నకలు తీయవచ్చును. దానికి మేము వాడినది ‘డిడిరెస్క్యూ’ అనే ప్రోగ్రాము. ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ఆయన వ్రాసి, గ్నూ సంఘం ద్వారా అందరికీ వుచితంగా యిచ్చినది.

దాని తెలివి మాకు బాగా నచ్చింది. పరీక్ష కాగితంలో తెలిసిన ప్రశ్నలు ముందు వ్రాసే పిల్లవానివలె, మొదట సులువుగా చదవగలిగిన చోట్లన్నీ చదివేస్తుంది. చదవలేని చోట పట్టుబట్టి కూర్చోదు. దాటిపోయి, ఆ చోటు ఒక చిట్టాలో వ్రాసుకుంటుంది. అంతా అయిన తరువాత ఆ చిట్టా పట్టుకుని వెనక్కు వచ్చి, మిగిలిన వాటిని కొంచెం కొంచెంగా గీకుతుంది. నడుమ కరెంటు పోయినా చిట్టా వుంటుంది గనుక ఆగిన చోటి నుంచి మళ్ళీ సాగుతుంది. ఆజ్ఞ వ్రాసేటప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు చూడవలెను. ఏ డిస్కు నుంచి, ఏ డిస్కుకు అన్నది తారుమారైతే కొత్త డిస్కులోని శూన్యం పాతదాని మీదికి నకలవుతుంది! అందుకని మేము రెండు డిస్కుల మీద బలపంతో గుర్తు పెట్టి, వాటి కొలతలు తెర మీద చూపిన అంకెలతో సరిపోల్చి, ఆ కుర్రవాని చేత బిగ్గరగా చదివించి, అప్పుడు మీట నొక్కినాము.

మంచి డిస్కయితే రెండు గంటల పని. ఇది ఆదివారం పదకొండు గంటలకు మొదలై సోమవారం సాయంత్రం ఆరింటికి ముగిసింది; 31 గంటలు. డిస్కు వేడెక్కకుండా బల్ల మీద టేబుల్ ఫాను పెట్టినాము. మాకు ఆఫీసున్నది గనుక ఆదివారం రాత్రి తిరిగివచ్చినాము. వంతులవారీగా యింటివాళ్ళే కాపలా కాచినారు. చివరకు దక్కనివి కొన్ని మెగాబైట్లు మాత్రమే. నకలును తెరిస్తే ఫోల్డర్లు వున్నవి వున్నట్టు వచ్చినవి.

అవ్వ పాటలన్నీ వున్నవి, ఒకదానికి మాత్రం గండి పడింది. నలుగుపాట నడుమ కొంతసేపు గరగర. తరువాతి ఆదివారం అందరూ కూర్చుని వింటూ వుండగా, ఆ చోటు రాగానే అవ్వ చెల్లెలు, ఎనభై దాటిన మనిషి, “ఈడ ఒక వరస పోయింది నాయనా” అని, పోయిన వరసను తాను పాడింది. పాట అక్కడ ఆగలేదు. అక్క పాడనివి మరి నాలుగు పాడింది. అవన్నీ అప్పుడే పట్టుకున్నారు. గండి పడకపోతే ఆ చిన్నవ్వను పాడమని అడగడం ఎవరికి తోచేది?

అన్ని కేసులూ యింత సుఖంగా తేలవు. నకలు తీసినా ఫోల్డర్లు కనపడకపోవచ్చును. అప్పుడు క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన వ్రాసిన రెండు వుచిత ప్రోగ్రాములున్నవి. ‘టెస్ట్‌డిస్కు’ చెడిన విభాగపు పట్టికను చక్కదిద్దుతుంది. ‘ఫోటోరెక్’ పట్టికతో పని లేకుండా, గడులన్నీ వెదకి, ఫోటో తీరుగా వున్నదాన్ని ఫోటోగా, పాట తీరుగా వున్నదాన్ని పాటగా యేరుతుంది. అయితే దానికి పేర్లు తెలియవు. పెండ్లి ఫోటో, రేషను కార్డు ఫోటో అన్నీ అంకెల పేర్లతో ఒకే కుప్పగా వచ్చి పడతవి. వేరుచేయడానికి వారాలు పడుతుంది. ఈ రెండింటినీ నకలు మీదనే నడపవలెనని మళ్ళీ చెప్పనక్కరలేదు గదా.

పొరపాటున చెరిపివేసిన ఫైళ్ళ సంగతి వేరు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, చెరపడమంటే ఇండెక్సు రిజిస్టరులో పద్దు కొట్టివేయడం. ఫైలు అలమరలోనే వుంటుంది, ఆ చోట మరొక ఫైలు పెట్టేదాకా. కాబట్టి చెరిపినది గుర్తుకు రాగానే ఆ డిస్కు మీద మరేదీ వ్రాయకూడదు, వెదికే ప్రోగ్రామును కూడా అందులోనే ఎక్కించకూడదు. ఇది తిరిగే డిస్కులకే సుమా. ఈమధ్య లాప్‌టాపులలో వచ్చే ఎస్‌ఎస్‌డీలలో, చెరిపిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. అక్కడ ఆలస్యమైతే ఆశ తక్కువ.

ఇళ్ళలో చెలామణి అయ్యే చిట్కాలు రెండింటి గురించి అడిగినారు. డిస్కును ఐసుపెట్టెలో రాత్రంతా వుంచడం మొదటిది. పాత రకాలకు ఎప్పుడో ఒకసారి పనిచేసి వుండవచ్చును. మన వూళ్ళలో ఐసుపెట్టె నుంచి తీసిన చెంబుకు ఒక్క నిమిషంలో చెమట పడుతుంది. డిస్కుకూ అదే చెమట. వద్దు. రెండవది, అదే మోడలు డిస్కు మరొకటి కొని దాని పలకను దీనికి బిగించడం. ఇప్పటి డిస్కులలో ఒక్కొక్కదానికి దాని హెడ్డు కొలతలు దాని పలక మీది చిన్న చిప్పులోనే వ్రాసి వుంటవి. ఆ చిప్పును కూడా మార్చనిదే కొత్త పలక పాత పళ్ళేన్ని చదవలేదు. అంత సన్నని టంకం పని తెలిసినవాళ్ళకే వదలాలి.

నీళ్ళ సంగతి ప్రత్యేకం. 2023 డిసెంబరు 17, 18 తేదీల వాన మన పాఠకులు మరచిపోయి వుండరు. కాయల్పట్టణంలో 24 గంటలలో 95 సెంటీమీటర్లు పడింది. నీళ్ళకు మొగం వాచిన మా కోవిల్పట్టిలో కూడా సుమారు 50 సెంటీమీటర్లు, అంటే యేడాది మొత్తం మీద పడేదానిలో పెద్ద పాలు, ఒక్క రోజులో పడింది. తూత్తుకుడి, తిరునెల్వేలి జిల్లాలలో యెన్నో యిళ్ళలో నీళ్ళు చొరబడినవి. తరువాత మిద్దెల మీద పరుపులతో పాటు కంప్యూటర్లనూ ఆరబెట్టినారు. డిస్కు తడిస్తే మాత్రం ఎండలో పెట్టకూడదు, బియ్యంలో పూడ్చకూడదు. బురదనీరు ఎండితే అందులోని మన్ను పళ్ళేనికి అట్టకట్టుకుంటుంది. ఆ తడితోనే ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, కరెంటు ఒక్కసారి కూడా తగిలించకుండా, తెలిసినవాళ్ళకు త్వరగా చేర్చాలి. వినడానికి విడ్డూరంగా వుంటుంది గాని పద్ధతి అదే.

నమ్మకం చిక్కనివారికి ఒక దృష్టాంతం. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక కూలి, మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయినారు. ఆ నౌకలోని ఒక హార్డు డిస్కు కాలి, పెట్టె కరిగి, లోపల మన్ను చేరి, టెక్సాస్‌లో దొరికింది. జెనాన్ వాయువు మీద చేసిన పరిశోధన ఫలితాలు అందులో వున్నవి. అమెరికాలోని క్రోల్ ఆన్‌ట్రాక్ అనే సంస్థవారు పళ్ళేలను శుభ్రం చేసి, వేరే డిస్కులో అమర్చి, సుమారు 99 శాతం తిరిగి తీసినారు. ఆ ఫలితాలు 2008లో ప్రకటితమైనవి. నౌక విరిగేటప్పుడు ఆ డిస్కు తిరగకుండా వుండడం వారికి కలిసివచ్చింది. ఆకాశం నుంచి పడిన డిస్కు దక్కింది. మన బల్ల మీది డిస్కు పదిసార్లు వేసి చూసినందున పోతుంది.

ఆసుపత్రి అనదగిన సంస్థలు చెన్నై, బెంగుళూరులలో వున్నవి. దుమ్ములేని గదిలో మూత తెరిచి, మరొక డిస్కు హెడ్డు తెచ్చి అమర్చుతారు. వేలల్లో ఖర్చు, కొన్నిటికి పదుల వేలు. ముందుగా అంచనా వ్రాతమూలంగా అడగండి. ఏమీ దక్కకపోతే ఎంత తీసుకుంటారో అదీ అడగండి. ఊళ్ళో దుకాణంలో “అరగంటలో తీసి యిస్తాం” అన్నవాళ్ళను, మూత తెరుస్తారా అని ఒక మాట అడిగితే చాలు. తెరుస్తామంటే నమస్కారం పెట్టి తెచ్చేసుకోండి.

ఫైలు దక్కినా అక్షరం దక్కని కేసు ఒకటి చూచినాము. విజయవాడ బంధువులు పదిహేనేండ్ల క్రిందట టైపు చేయించి పంపిన వంశవృక్షం అది. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, ముక్కలు. యూనికోడు బాగా వాడుకలోకి రాకముందు అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో తెలుగును ఇంగ్లీషు సంకేతాల చోట దాచేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అది వట్టి పిచ్చిగీతలు. డిస్కు చెడలేదు, ఫైలు చెడలేదు. అటువంటివాటిని యూనికోడులోకి మార్చే సాధనాలున్నవి. ఆ పాత ఫాంటు తెలిసినవాళ్ళు వుండగానే మార్పించి, ఒక ప్రతి కాగితం మీద కూడా తీసుకోండి.

మంచిగా వున్నప్పుడే నకళ్ళు పెట్టుకునే పద్ధతికి పీటర్ క్రో అనే ఫోటోగ్రాఫరు చెప్పిన లెక్క ప్రసిద్ధం: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. వేరే చోటంటే మనకు కష్టమేమున్నది? కోవిల్పట్టి యింటి ప్రతి విరుదునగరం ఆడపడుచు యింట్లో, వాళ్ళది మన యింట్లో. పండుగకు వచ్చినప్పుడల్లా మార్చుకోవచ్చును. అలమరలో పెట్టి మరచిపోకుండా ఏడాదికొకసారి తగిలించి, నాలుగు ఫైళ్ళు తెరిచి విని చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్‌ఫో అనే వుచిత ప్రోగ్రాము డిస్కు ఆరోగ్యం చూపుతుంది. అందులో ‘పెండింగ్’ అన్న సెక్టర్ల అంకె పెరుగుతూ వుంటే కొత్త డిస్కు కొనవలసిన రోజు వచ్చిందన్నమాట.

చెడిన డిస్కును పాత యినుము బండివాడికి వేయవచ్చునా అని కోవిల్పట్టి సోదరులు అడిగినారు. నకలు రెండు చోట్ల తెరిచి, అన్నీ విని, చూచి అయ్యేదాకా వేయవద్దు. ఆ తరువాత కూడా వూరక వేయవద్దు. బాంకు కాగితాలు, ఆధారు నకళ్ళు అందులో వుంటవి. తిరిగే స్థితిలో వుంటే మొత్తం తుడిచే ప్రోగ్రాముతో తుడవండి. తిరగకపోతే పళ్ళేన్ని పగలగొట్టండి. లాప్‌టాపు డిస్కులలో పళ్ళెం చాలావరకు గాజుది. దబ్బున పెంకులై ఎగురుతుంది. మందమైన గోనెసంచిలో చుట్టి, పిల్లలను దూరంగా పంపి, అప్పుడు సుత్తి వేయండి.